వేరు నాది, పువ్వు పైవాడిది

మొదటిసారి పార పట్టుకున్నది తీగ మీద కోపంతో కాదు.
పై వాటాలో ఉండే ముర్మాన్ మీద.

త్బిలిసిలో మా లోగిలికి మూడు అంతస్తులు,
పదకొండు కాపురాలు, ఒకటే కుళాయి.
కుళాయి పక్కన చాప పరిచినంత మట్టి నాది.
అందులో విస్టీరియా.
మేం గ్లిసీనియా అంటాం.
ముర్మాన్ "నీ పాము" అంటాడు.

తొమ్మిదేళ్ళు మేపాను.
కాఫీ పిప్పి, కోళ్ళ పెంట,
చేపలు కడిగిన నీళ్ళు.
ఏది పెట్టినా కాదనలేదు.
ఆకులేసింది, ఆకుల మీద ఆకులేసింది,
వాననీటి గొట్టాన్ని పిండి పిప్పి చేసి
ముర్మాన్ వసారా కటకటాలెక్కి
అతని కిటికీలోని పగటిని సగం నమిలేసింది.
పువ్వు మాత్రం, ఒట్టు, ఒక్కటి లేదు.

మూడో అంతస్తు జుజునా, మందుల షాపులో పనిచేసిన మనిషి,
మెట్ల మీద నించుని చీటీ రాసినట్టు చెప్పింది:
"బలిసిన కోడి గుడ్డు పెట్టదు త్సియాలా.
కడుపు మాడ్చు. మొదలు చుట్టూ పార దించు.
చస్తానేమోనని దానికి ఒక్కసారి అనిపించాలి."

చేతులు రాలేదు నాకు.
ఆ సాయంత్రమే పైనుంచి అరుపు:
"పాముని నువ్వు కోస్తావా, నన్ను కోయమంటావా?"

అప్పుడు దించాను.
మొదలుకి రెండు మూరల దూరంలో, గుండ్రంగా.
ఇది మా అమ్మ పెట్టె మెట్లు దిగేటప్పుడు
పక్కకి జరపని నీ సైకిలుకి.
ఇది ముప్ఫై ఏళ్ళు ట్రాము నడిపి
మా స్టాపులో ఒక్కసారి కూడా తల తిప్పని నీ మెడకి.
ఇది ఊరికే.
తెగిన వేర్లు పచ్చి చిక్కుడుకాయ వాసన కొట్టాయి.
ఇంట్లోకొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఆగస్టులో, కొరడాల్లా సాగిన కొమ్మల్ని
ఆరేసి ఆకులుంచి కత్తిరించాలి.
ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చి
రెండు మొగ్గల దాకా తెగ్గోయాలి.
నా నిచ్చెన అందేది సగానికే.
మిగతా సగం అతని వసారాలోంచి.

తలుపు కొట్టాను.
తీశాడు. ఏమీ అనలేదు. కుర్చీ జరిపాడు.
ఆకు మొగ్గ సన్నం, పూమొగ్గ బొద్దు,
వేలు పెడితే కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.
నేను కోస్తుంటే అతనూ ఒకదాని మీద వేలు పెట్టి
చాలాసేపు ఉంచాడు.

మార్చి ఆఖర్న, ఇక రాదనుకున్న మంచు పడింది.
తెల్లారి చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తాను.
కటకటాల మీద, కొమ్మల మీద,
ఇత్తడి గుండీల పాత ట్రాము కోటు
గుండీలన్నీ పెట్టి కప్పి ఉంది.

ఏప్రిల్లో పూసింది.
మూరెడేసి ఊదా గుత్తులు, తుమ్మెదల రొద,
సబ్బు బిళ్ళ కొత్తగా విప్పిన వాసన.
అన్నీ అతని వసారాలోనే.
కింద నాకు కనబడేవి అడుగులే,
ఉట్టి మీద గిన్నెలు చూసినట్టు.
పైవాడికి పూలు, నాకు ఊడ్పు.
ఆరేసిన దుప్పట్ల నిండా రేకులు.
దులపలేదు. అలాగే పరుచుకున్నాను.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఇది మానై ఇనుమునే వంచింది.
కమ్మరి వచ్చి కటకటాలు చూశాడు:
"ఊచలన్నా కోయాలి, తీగన్నా కోయాలి."
నేను కుళాయి దగ్గర బిందె నిండినా కట్టేయకుండా నించున్నాను.
"ఊచలు కొయ్యి," అన్నాడు ముర్మాన్,
"తుప్పు పట్టినవేగా."

ఇప్పుడు చలికాలం.
ముఖమల్ కాయలు రాత్రిళ్ళు
టప్‌మని పగిలి గింజలు విసురుతున్నాయి.
పొద్దున్నే ఏరేస్తాను, విషం; పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.
ఒక కాయ నా కిటికీకి తగిలి లేచాను.
పైన మంచం కిర్రుమంది.
ఆ తర్వాత మడమతో నేల మీద రెండు దెబ్బలు,
ట్రాము కదిలేముందు గంట కొట్టినట్టు.

చీపురు కర్ర తీసుకుని
కప్పుని రెండుసార్లు తట్టాను.