చీమూ నెత్తురూ

రాత్రి పదకొండు దాటాక
కొత్తపేటలో మందుల షాపుల షట్టర్లు
ఒకటీ అరా సగానికి దిగాయి.
మా ల్యాబు లైటు మాత్రం ఆరదు.

ఏసోబు చెయ్యి బల్ల మీద పెట్టాడు.
చెయ్యి కాదది, పొంగిన రొట్టె.
మిర్చి యార్డులో టిక్కీ ఎత్తుతుంటే
కొక్కెం జారి అరచేతిలో దిగిందట.
నాలుగు రోజులైందట.
పసుపూ సున్నం పట్టించి
ఆ చేత్తోనే ఇంకో రెండు లారీలు నింపాడట.

పక్కనే కరుణమ్మ.
"రెండు పూటలు పడుకున్నందుకు
రెండ్రోజుల కూలి కోశాడు గుమాస్తా.
ఈ మనిషి తలొంచుకుని వచ్చాడు.
చీమూ నెత్తురూ లేదమ్మా ఈయనకి" అంది.

ఏసోబు గోడ మీది క్యాలెండరు చూశాడు.

దూదిపుల్లతో చీము తీసుకున్నాను.
సిరంజితో నెత్తురు తీసుకున్నాను.
రెండిటి మీదా అతని పేరే రాశాను.

గాజుపలక మీద చుక్క.
ఊదారంగు పోసి, కడిగి, ఆరబెట్టి
నూనెబొట్టు వేసి కటకం దించాను.

కొక్కెం తోలు దాటిన క్షణానే
లోపల ఎవరో కేక వేసుంటారు.
ఆ కేకకి రక్తనాళాల గోడలు
వదులై సందిచ్చుంటాయి.
వేడి, ఎరుపు, వాపు, సలుపు,
కరుణమ్మ జబ్బనుకుంటున్నదంతా
పరుగెత్తుకొచ్చినవాళ్ల అడుగుల చప్పుడు.

ఇదిగో వీళ్లే.
మూడేసి, నాలుగేసి తమ్మెల కేంద్రకాలు.
గోడ సందుల్లో ఒళ్లు సాగదీసి దూరి
దొరికిన క్రిమిని దొరికినట్టు మింగి
దానికోసం నూరిన విషంలో
తామూ కరిగిపోయినవాళ్లు.
పూటో, పూటన్నరో వీళ్ల ఆయుష్షు.
చచ్చి కుప్పపడ్డాక వీళ్లనే
చీము అని ముక్కు మూసుకుంటాం.

మీట నొక్కుతూ లెక్కపెడతాను.
వందకి ఎనభై ఎనిమిది.
మధ్యలో కేంద్రకం ఇంకా చీలని కుర్రకణాలు,
ఎముక మూలుగలోంచి
మీసం రాకముందే పిలుపొచ్చి బయల్దేరినవి.
సీజన్లో బడి మానేసి యార్డుకొచ్చే పిల్లల్లా...
వద్దు, పోల్చను.
పోలిస్తే లెక్క తప్పుతుంది.

అదిగో ఒక ఎర్రగింజల కణం,
పగిలి విత్తులు కనిపించే పండుమిరపకాయ.
ఈ ఊళ్లో తరచూ తగులుతుంది నాకు.
దుమ్ముని దొంగనుకుని
ఊరికే కత్తి దూసే రకం.
నాలోనూ ఉన్నాయి.
ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా
ముసుగు కట్టుకునే తుమ్ముతాను.

ఓ మూల గుండ్రంగా చిన్నది,
ఒళ్లంతా కేంద్రకమే.
తొందర లేదు దీనికి.
మొహాలు చూసి మనసులో పెట్టుకునే జాతి.
ఏసోబుకి పసితనంలో తట్టు పోసుంటే
దాని ముక్కూ చెవీ పోలికలు
ఇప్పటికీ వీళ్ల దగ్గర భద్రం.
అతను మర్చిపోయుంటాడు.
తలొంచేది అతని మెడ.
వీళ్లకి మెడ లేదు.

ఒంటిగంటకి రిపోర్టు రాశాను.
తెల్లకణాలు: పద్దెనిమిది వేల నాలుగు వందలు.
చీము కణాలు: పుష్కలం.
మేం అలాగే రాస్తాం.
పదకొండేళ్లుగా రాస్తున్నాను,
ఈ రాత్రే ఆ మాట దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.

పొద్దున కరుణమ్మ ఒక్కతే వచ్చింది.
అతన్ని వార్డులో పడుకోబెట్టారట,
చెయ్యి కోసి కడిగారట.
ఏం రాశారమ్మా అంది.
"చీమూ ఉంది, నెత్తురూ ఉంది.
నిన్నటిదాకా ఆ చేతిలో ఆగకుండా
కొట్లాట జరుగుతూనే ఉంది" అన్నాను.

ఆమె నవ్వలేదు.
కాయితాన్ని అటూ ఇటూ తిప్పి
మళ్లీ నా ముందే పెట్టింది.
"ఈ ముక్క
గుమాస్తాకి అర్థమయ్యేట్టు రాసివ్వండి."