కల్లివెల్లి

సజ్జా క్యాంపుల దిగిన రెండో దినం
గాలికి నా హెల్మెట్టు ఎగిరి పక్క సైటుల పడ్డది.
తేబోతుంటె పఠాను డ్రైవరు గుల్‌జమాన్ చెయ్యి అడ్డం పెట్టిండు:
"ఖల్లీ వల్లీ."
హెల్మెట్టును అరబ్బీల అట్లంటరనుకున్న.
మూడు వారాలైనంక స్టోరుకాడ నిలబడి
ఒక కొత్త ఖల్లీవల్లీ కావాలన్న.
మలయాళీ స్టోర్‌కీపరు నవ్వి నవ్వి
కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

పోనీ, ఇడిసిపెట్టు అని దానర్థమట.
తెలిసినంక అంతట అదే ఇనబడ్డది.
రెండు నెల్ల జీతం ఆగితె అదే,
కుబ్బూసుల బొద్దింక ఒస్తె అదే,
ఏసీ సచ్చిన జూలై రాత్రి
పద్నాలుగో రూముల పన్నెండు మందిమి
అదే అనుకుంట పక్క మీద ఒత్తిగిలినం.

మా నోట్లె పడ్డ ఏ మాటకైనా
కొన్నొద్దులకు కొమ్ము మొలుస్తది:
ముదీరు, కఫీలు.
దీనికి మొలువలే.
గొంతుల గరగర పోయింది,
వల్లి ఎప్పుడో వెల్లి అయింది.

గప్పుడే పోచమల్లు పోయిండు.
పాస్‌పోర్టు కంపెనీ బీరువలనే ఉన్నది,
చెప్పులు మంచం కింద,
డబ్బల పప్పు ఇంక ఎచ్చగనే.
ఏడి వాడు అని ముదీరు గద్దించిండు.
ముందుగాల ఎవరన్నరో, నేనే కావచ్చు,
"కల్లివెల్లి" అన్నరు.

ఆ పొద్దుకెల్లి అది పోనీ కాదు.
మనిషి.
బతాకా లేని మనిషి
(మేం పతాక అంటం, జెండ లెక్క),
అజ్మాన్‌ల చేపల పెట్టెలు మోసేటోడు,
పోలీసు బండి లైటు పడితె గోడ అయ్యేటోడు.

రాజోలు సత్తిపండు మా రూముల ఒక్కడే గోదారోడు.
"మావైపు గడప దాటితే వెళ్ళొస్తా అనాలండీ.
ఉత్తినే వెళ్తా అంటే మా నాయనమ్మ మూతి మీద కొట్టేది.
ఈ మాట చూడండి,
వెళ్ళి ఉంది.
వస్తా లేదు."
ఎవరో లైటు బందు చేసిండ్రు.

మొన్న సుట్టి పూట ఇంటికి ఫోను చేస్తె
నా బిడ్డ బడి ముచ్చట్లు చెప్తున్నది.
పక్కన కూసునే పిల్ల ఎవరే అన్న.
"లహరి. కల్లివెల్లోళ్ళ లహరి."
అది ఇంటిపేరా?
"ఆఁ, ఇంటిపేరే" అని
లెక్కల పరీక్ష సంగతి ఎత్తుకున్నది.

పొద్దున బస్సుల గుల్‌జమాన్‌కు చెప్పిన,
నవ్వుతడని.
స్టీరింగు మీద చేతులు పెట్టి జరసేపు ఊకున్నడు,
ఇంజను నడుస్తనే ఉన్నది.
ఆ మాట అనలే.