తొమ్మిదో గీత

కల్వకుర్తి పాత బస్టాండు వెనక
నా జిరాక్స్ దుకాణంల
ఖాసీం మాస్టర్ బల్ల మీద పెట్టిండు
నూనె మరకల నోటుబుక్కు.
తొమ్మిది మంది బ్యాండు, ఇప్పుడు నలుగురే.
పెండ్లిళ్లయితే తగ్గలే.
"లేనోళ్ల వాయింపు కంప్యూటర్ల పుట్టియ్యి బిడ్డా,
డబ్బా మోగుతుంటే మేము ముందట నడుస్తం."

నాలుగు రాత్రులు ఎక్కించిన.
క్లారినెట్‌ది, ట్రంపెట్లవి, డోలుది,
అట్టడుగున తొమ్మిదోది, దాదాపు ఖాళీ గీత.

ఫైలు పద్నాలుగు కేబీ.
లోపల చప్పుడనేదే ఉండదు.
ఎవరెప్పుడు లేవాలె, ఎంతసేపు నిలవాలె,
యాడ నోరు మూసుకోవాలె,
గంతే, ఎవరికీ అందని చిట్టీ లెక్క.

ఆడియోగ మార్చమని నొక్కిన.
పచ్చపట్టీ పాకుకుంట పాకుకుంట
తొంభై రెండు శాతం కాడ కరెంటు పోయింది.
చాయ్ తాగొచ్చి మళ్ల నొక్కినం.

క్లారినెట్ జలుబు లేని ముక్కు తీరు పలికింది.
ఇంత సాపుగ నేనెన్నడు ఊదలేదురా అని
జంగయ్య తొడ కొట్టుకొని నవ్విండు.
అప్పుడు, పాట మిట్టెక్కే మలుపుల,
కిందికెళ్లి ఒక లావు గొంతు లేచింది.
రెండే స్వరాలు.
నిద్రల ఎద్దు మూలిగినట్టు.

నవ్వు ఆగింది.
"గది ఈదయ్య బాజా."

ఇరవై రెండేండ్ల కింద
బొంబాయి బస్సు టికెట్టుకు
పెద్దబాజా కుదవపెట్టిండు ఈదయ్య.
బాజా విడిపించలే, మనిషి మళ్లలే.
అప్పట్సంది ఆ మలుపు కాడ
బ్యాండోళ్లు రెండడుగులు ఊరికే నడుస్తరు.
పెండ్లోళ్లకు తెల్వదు.
కాళ్లకు తెలుసు.

"గా గీత బంజెయ్."
"మంచిగుంది గద మాస్టర్?"
"మంచిగనే ఉన్నది. బంజెయ్."

బంజేసి, పెన్‌డ్రైవుల వేసి
యాభై రూపాయలు తీసుకున్న.

రాత్రి షట్టర్ సగం దించి
మిగతా ఎనిమిది గీతల నోరు మూసి
తొమ్మిదోది ఒక్కటే మార్చిన.
మూడు నిమిషాల నలభై సెకన్లు.
తెర మీద ఎండకాలపు డిండి వాగు,
నడిమిట్ల రెండు గుండ్లు.

వారం దినాలకు ఈదయ్య బిడ్డ శ్యామల
ఆధార్ జిరాక్స్‌కొచ్చింది.
చెవులకు హెడ్‌ఫోన్ పెట్టిన.
నిమిషం విన్నది, రెండు నిమిషాలు విన్నది,
"ఏమొస్తలేదన్నా, ఖరాబైనట్టుంది" అని తియ్యబోయింది.

ఆగక్కా,
ఇంకో పది సెకన్లు.