ఫ్యూజు తీగె

నయీంనగర్ల మెడికల్ షాపు మీది గది.
ఆరు గంటల బ్యాచీకి
కోపాన్ని పన్నెండు తీర్ల రాసిన బోర్డు మీద.
హిట్ ద రూఫ్: ఇంటి కప్పును గుద్దిండు.
లాస్ట్ ఇట్: పోగొట్టుకున్నడు.
"ఏం పోగొట్టుకున్నడు సార్?"
ఎనక బెంచీ.
ఆ 'ఇట్' ఏందో నాకూ ఇప్పటిదాక దొరకలే.

బ్లూ ఎ ఫ్యూజ్ కాడ
ఓదెలు లేచి నిలవడ్డడు.
పరకాల సబ్‌స్టేషన్ల హెల్పరు,
మోచేతి మీద కాలిన మచ్చ.

"అది తప్పు సార్.
ఫ్యూజు పోతే లొల్లుండదు.
టప్పుమంటది, అటెన్క సీకటి.
ఇల్లు కాలొద్దనే అది కాలుతది.
మా వదినె గట్లనే,
మాట బందు వెట్టి బియ్యమేరుతది.

మా అన్నే,
ఊకె పోతున్నదని
లావు రాగితీగె చుట్టుకున్నడు.
ఎనుమాముల మార్కెట్ల పత్తికి
తూకంల కోసినా నవ్విండు,
తడి ఉన్నదని ధర కోసినా నవ్విండు.
మొన్న మోటరే కాలింది."

మోటరంటే ఏందని
ఎవ్వరం అడగలే.
కింద రోడ్డు మీద ఎవడో
ఆపకుండ హారన్ కొడుతున్నడు.

పన్నెండూ తుడిచిన.
చాక్‌పీసు పొడి అంగి మీదనే ఉన్నది.

ఇంటికొచ్చేసరికి
ఆమె చాటల బియ్యమేరుతున్నది.
నేనింకా చెప్పులు ఇడువలే.