ఆ నాలుగు కిలోలు

రేపు పదింటికి పర్లాకిమిడిలో పరీక్ష.
కాశీనగర్‌లో ఏడింటి బస్సు దొరికితే సరే,
దొరక్కపోతే జీడిపిక్కల లారీ.

కరెంటు పోయి గంటయింది.
వంశధార వైపు నుంచి గాలి రావటం లేదు, దోమలొస్తున్నాయి.
దాలమ్మ పిన్ని దీపాన్ని నా పుస్తకానికీ తన చేటకీ నడుమ పెట్టింది.
సగం వెలుగు టీ-టెస్ట్ మీద,
సగం జీడిపప్పు మీద.
"పైకి సదువే, నాకు నిద్దరొచ్చెత్తంది."

రెండు కుప్పలు పిన్నీ.
గుమ్మ కొండ దిగిన పిక్క ఒకటి,
ఉద్దానం నుంచి సరిహద్దు దాటొచ్చిన పిక్క ఒకటి.
ఏ పప్పు బరువు?
"బస్తా బోర్లించీకు. పిడికిలి తీసి సూడాల."
అదే, శాంపిల్ అంటారు దాన్ని.
"పైన్నించే తీసావా, అడుగున్నించి కూడానా?"
మా మేడం మూడు క్లాసులు చెప్పింది ఈ ఒక్క మాటే.

చెరో పది పిడికిళ్ళు. లెక్క కడితే
ఒకటీ పాయింటు తొమ్మిది వచ్చింది.
పట్టికలో గీత రెండూ పాయింటు ఒకటి దగ్గరుంది.
దాటలేదు.
"అయితే రెండూ ఒకటేనేటి?"
ఒకటే అని కాదు. వేరని చెప్పలేం.
"సెప్పలేనప్పుడు నోరు మూసుకోడం కూడా సదువేనా?"
అదే పిన్నీ. ఐదు మార్కులు.

తప్పులు రెండు రకాలు.
మంచి పప్పుని పుచ్చని పారేస్తే మొదటి తప్పు,
పుచ్చుని మంచిదని డబ్బాలో వేస్తే రెండోది.
పుస్తకం మొదటి తప్పుకే ఎక్కువ భయపడుతుంది,
నూటికి ఐదు మించొద్దంటుంది.
పిన్ని చెయ్యి ఆగింది.
"మా సేటు రెండోదానికే కూలి కోత్తాడు.
మంచిది పారేత్తే ఎవుడూ అడగడు."

కై-స్క్వేర్ దగ్గర ఇద్దరం తడబడ్డాం.
రెండు వరసలు, రెండు నిలువులు,
అంచుల్లో మొత్తాలు ముందే రాసి ఉంటాయి.
ఒక్క గడి నింపితే మిగతా మూడూ వాటంతటవే నిండిపోతాయి.
స్వేచ్ఛ ఒకటి.
"కూలి ఆలు రాసెత్తారు, అద్దె ఈలు రాసెత్తారు.
మనకీ ఒక గడి ఉంటాది గావాల"
అని ఏక, దుయి, తిని అంటూ
గుండుపప్పు ఒడియాలో లెక్కపెట్టింది.
నూక వస్తే మాత్రం తెలుగులోనే తిట్టింది.

చివరి పాఠం రిగ్రెషన్.
ఉదాహరణకి పిన్ని కూలి పుస్తకం తీసుకున్నాను:
ఎన్ని గంటలు కూర్చుంది, ఎన్ని కిలోలు ఒలిచింది,
ముప్పై రోజులు, ముప్పై చుక్కలు,
నల్లటి జీడి మరకలతో సహా.
చుక్కల మధ్య నుంచి గీత గీశాను.
గంటకి కిలోంబావుకి కొంచెం తక్కువ.
గంటలు సున్నా అయితే నాలుగు కిలోలు.

"ఆగు.
నాను కూకోకండా నాలుగు కిలోలు ఎవులొలిచారు?"

గీత అలా అంటుంది పిన్నీ,
దానికి తెలిసిన మేర దాటించి వెనక్కి లాగితే.
"గీత అంటే సరా? ఆ కూలి ఇమ్మను."

ఒక్క చుక్క మాత్రం గీతకి చాలా కింద ఉంది.
ఎనిమిది గంటలకి ఆరే కిలోలు.
ఏడున్నర కిలోల పైచిలుకు వెలితి.
జ్వరమా? మిషన్ పాడయిందా?
పుస్తకం అంటుంది: కారణం వెతుకు,
కొలత తప్పయితే తీసెయ్.

పిన్ని తేదీ చూసింది. మొహం దీపం వైపు తిరిగింది.
"ఆ రోజా? జమ్మా గొమాంగో
ఆలాయన మేకని దున్నపోతనుకుని బేరమాడిన కత సెప్పింది.
సాయంత్రం దాకా ఎవుల సెయ్యీ ఆడలేదు."
అని మళ్ళీ నవ్వటం మొదలెట్టింది,
చేట ఒళ్ళోంచి జారి
ఏరిందంతా గుండూ బద్దా కలిసిపోయే దాకా.

పదకొండున్నరకి కరెంటొచ్చింది.
ఫార్ములా చివర ఎప్సిలాన్ ఒకటుంటుంది,
మిగతావన్నీ చెప్పలేనిది దాన్లో పడేస్తారు.
నిర్వచనం రెండు లైన్లు, బట్టీ పట్టాను.
ఆ చుక్క తీసెయ్యలేదు.

పిన్ని మళ్ళీ మొదటి నుంచి ఏరుతోంది.
గీత దగ్గర నాలుగు కిలోలు బాకీ ఉన్నాయని
రేపు మీ మేడంకి గుర్తు చెయ్యమంది.