సుక్క సముద్రంలో ఉంది

వేరావల్ నుంచొచ్చిన బస్సు దిగీసరికి
మా గుంటలయ్య సేతి మీద సిరా ముద్దర ఏసినారు.
ఆయన ఫోను అక్కడే బియ్యానికి మారిపోనాది.
అంచేత నా ఫోనులో ఏటో యాప్ ఎక్కించి
"ఇల్లు దాటితే మాకు తెలిసిపోద్ది" అన్నాడు
సచివాలయం బాబు, మూతిగుడ్డ సర్దుకుంటా.

ఆయన లోపల. ఫోను గుమ్మానికి యేలాడతా.
నాను అరుగు మీద, గుంటల్తో.
తెల్లారితే సేపల తట్టెత్తుకుని
ఎచ్చెర్ల దాకా ఉత్త సేతుల్తో నడక.

నాలుగో రేతిరి, రెండు గంటలకి మోగింది.
"సూరాడ దానయ్య ఎక్కడ?"
"లోపలే తొంగున్నాడు బాబూ."
"అబద్దం. సుక్క సముద్రంలో ఉంది,
గట్టుకి మూడొందల మీటర్ల అవతల.
ఫొటో తీసి పెట్టు."

కిటికీలోంచి లైటేసి సూసినాను.
నిద్దట్లో వల లాగతన్నాడు,
మంచం పట్టి తన్నతన్నాడు, ఎవులినో కేకేస్తన్నాడు.
సుక్క మరీ అంత అబద్దం ఆడనేదు.
పదకొండేళ్ళ కాపరంలో
ఆయన నిద్దరోతుండగా నాను తీసిన మొదటి ఫొటో
పోలీసోళ్ళకి పోయింది.

ఎనిమిది నెలలు ఆ దరిని
ఏ బోటు మీదున్నాడో, తిన్నాడో నేదో,
ఒక్కడు అడగనేదు.
ఈ పద్నాలుగు దినాలు మాత్తరం
గంటగంటకీ ఆయన గురించి ఫోనే.

పదిహేనో నాడు యాప్ తీసీసినారు.
సీకటితోనే తెప్ప దింపినాడు.
మజ్జాన్నం గాలి తిరిగింది.
పొద్దు గూకినా గట్టు మీద మా తెప్ప నేదు.

ఫోను ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాను.
ఛార్జింగ్ నిండా ఉంది.
ఎవులేనా సేసి సెప్తే బాగున్ను,
సుక్క ఎక్కడుందో.