నోట్లో నువ్వుగింజ

బేస్‌వాటర్ లైబ్రరీలో ఆదివారం పూట
కౌన్సిల్ మనిషి ఇమోజెన్
చిన్న గాజు సీసా చేతి నుంచి చేతికి పంపింది.
లోపల పురుగు. నువ్వుగింజంత.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాను,
మళ్ళీ దించి చూశాను.
దీన్ని జైల్లో పెట్టారా అన్నాడొక పిల్లాడు.

సముద్రం దాటి వచ్చిందట.
ఆ మాట దగ్గర ఎవరూ నా వైపు చూడలేదు,
నేనే ఓసారి చూసుకున్నాను.

ఇది కర్ర తినదట.
చెట్టు లోపల సొరంగాలు తవ్వి
వెంట తెచ్చుకున్న బూజును నాటుకుంటుందట,
ఆ పంటతోనే పిల్లల్ని సాకుతుందట.
రైతుబిడ్డను కదా, ఒక్క క్షణం
దాని మీద గౌరవం కలిగింది.
పంట పండేకొద్దీ చెట్టు గొంతులోకి నీళ్ళు దిగవన్నది
ఆమె తర్వాతి మాట.

కరపత్రం తెలుగులో రాసే పని నాకు పడింది.
తొలుచు పురుగు అని రాసి కొట్టేశాను,
బెజ్జాల పురుగు అని రాశాను.
కట్టెలు ఊరు దాటించకండి.
కొమ్మలు కొట్టిస్తే పక్కవాళ్ళకి ఇవ్వకండి.
బాల్‌పెన్ను మొన పట్టేంత బెజ్జం కనిపిస్తే
ఈ నంబరుకి చెప్పండి.

పెన్ను చేత్తోనే పట్టుకుని
పెరట్లోకి ఎందుకు వెళ్ళానో.
మేపుల్ చెట్టుకి బట్టల తీగ కట్టిన చోట,
జానెడు కింద,
పొట్టు సన్నగా, పిండి జల్లించినట్టు.
మొన పెట్టాను.
సరిగ్గా పట్టింది.

నంబరు రాసింది నేనే.
మూడు రోజులు చెయ్యలేదు.
చేస్తే నరుకుతారు. పడమటెండకి అదొక్కటే అడ్డం.
పైగా మొన్న చలికాలం కొట్టించిన కొమ్మలు
రెంజో గారి పొయ్యికని నేనే మోశాను.
ఆయన పెరట్లో అంజూరం
వాళ్ళ నాన్న నాటింది.

నాలుగో రోజు వకుళకి ఫోన్ చేశాను.
దాని నోట్లో నువ్వుగింజ నానదని
పెర్త్ తెలుగువాళ్ళందరికీ తెలుసు.
ఎవరికీ చెప్పకు, అని మరీ చెప్పాను.

చీకటి పడేసరికి మూడు వీధులవాళ్ళు
టార్చీలు పట్టుకుని చెట్ల మొదళ్ళు తడుముతున్నారు.
కరపత్రం చదవనివాళ్ళే అందరూ.
పెన్ను దొరక్క ఒకామె తలపిన్నుతో కొలుస్తోంది.
రెంజో గారు కంచె అవతల నిలబడి
నన్నేమీ అడగలేదు.
అంజూరపు ఆకొకటి తుంచి
కారిన పాలు వేలికి రాసుకున్నాడు.

కరపత్రం చివర ఒక వాక్యం కలిపాను:
తెలిస్తే నోట్లో నానబెట్టుకోకండి.

రేపు ఇమోజెన్ వస్తుంది.
తీగ విప్పేశాను.
బట్టలింకా ఆరలేదు.